సముద్రం దాటే సామాను

మన సంఘములలో ప్రార్థన మనవులు చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు "మా అబ్బాయి వీసా కొరకు" అనో, "మా కోడలి ప్రయాణం కొరకు" అనో ఎవరో ఒకరు లేవని ఆదివారం ఈ మధ్య అరుదైపోయింది. వీసా వచ్చినప్పుడు స్తుతి కానుక వేస్తాము. విమానం ఎక్కే ముందు రోజు ఇంటిలో కూడిక పెట్టుకుంటాము. ఈ రెంటికీ నడుమ నెలో, నెలన్నరో ఆ ఇంటిలో ఒక పెద్ద పని జరుగుతుంది. దాని గురించి మాత్రం ఎవరూ సాక్ష్యం చెప్పరు. అది సామాను సర్దటం.

ఒంటరిగా ఉద్యోగానికి వెళ్ళేవారికి రెండు సూట్‌కేసులతో తీరిపోతుంది. కాపురమే కదిలితే అలా కుదరదు. మంచాలు, బీరువాలు, వంటపాత్రలు, పిల్లల పుస్తకాలు, పెండ్లి చీరలు, పదిహేనేండ్ల సంసారమంతా నట్టింట్లోకి వస్తుంది. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరు పిల్లలతో 2023లో హైదరాబాదు నుండి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పట్టణానికి కాపురం మార్చారు. సర్దటానికి మేము ఇద్దరమూ పల్లె నుండి వెళ్ళి ఐదు వారాలు అక్కడే ఉన్నాము. ఆ ఐదు వారాలలో రెండు తప్పులు చేశాము. పంపవలసిన వస్తువు ఒకటి ఆపివేశాము. పంపకూడనిది ఒకటి పంపాము. దాచుకోవలసిన సంగతులే గాని, మరొక ఇంటివారికి ఉపయోగపడతాయని వ్రాస్తున్నాము.

ఇల్లు కదలటం బైబిలులో కొత్త కాదు. అబ్రాము హారానులో సంపాదించినదంతా వెంటబెట్టుకొనే కనానుకు బయలుదేరాడు. రాహేలు తండ్రి యింటి గృహదేవతలను ఒంటె సామగ్రిలో దాచి దాని మీద కూర్చున్నది. లాబాను గుడారమంతా తడివి చూచినా దొరకలేదు. సామాను సోదా కథ అంత పాతది! యాకోబు ఇంటివారు ఐగుప్తుకు కదిలినప్పుడు ఫరో చేసిన ఏర్పాటు మాకు మరీ ఇష్టం. సామాను గురించి చింతపడవద్దనీ, ఐగుప్తు దేశంలోని మంచి వస్తువులు వారివే అనీ కబురు పంపాడు (ఆది. 45:20). బండ్లు కూడా పంపాడు. ఆ బండ్లు సామాను కొరకు కాదు, ముసలి తండ్రి కొరకు, స్త్రీల కొరకు, పిల్లల కొరకు. అయినా తరువాతి అధ్యాయం తిప్పి చూడండి. కనానులో సంపాదించినదంతా వాళ్ళు పట్టుకొనే వెళ్ళారు. రాజు చెప్పినా మనిషి వినడు.

మన తెలుగువారు ఏమీ లేకుండా వెళ్ళిన కాలమూ ఉన్నది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవు చేరింది. ఆ తరువాత ఏండ్ల తరబడి చెరకు తోటల పనికి వెళ్ళినవారిలో మన తెలుగువారు ఎందరో. వారిలోని బాప్తిస్టు విశ్వాసులు స్వదేశం నుండి కోరుకున్నది పాత్రలూ కాదు, పరుపులూ కాదు, తెలుగులో వాక్యం చెప్పే మనిషిని. 1903లో నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్యగారు వారి యొద్దకు వెళ్ళారు.

మా సంగతికి వస్తాము. మొదటి రోజు రవాణా కంపెనీ కుర్రవాడు సామాను చూడటానికి వచ్చాడు. చేతిలో టేపు ఉన్నది, తూకం లేదు. అప్పుడే మాకు అర్థం కావలసింది. ఓడలో డబ్బు కట్టేది బరువుకు కాదు, చోటుకు. లెక్క క్యూబిక్ మీటర్లలో వేస్తారు. ఒక క్యూబిక్ మీటరంటే 35 ఘనపు అడుగుల పైచిలుకు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల అట్టపెట్టెలు అందులో ఎనిమిదికి కొంచెం తక్కువగా పడతాయి. ఇరవై అడుగుల కంటైనర్‌లో సుమారు 33 క్యూబిక్ మీటర్ల చోటు ఉంటుంది. అంత సామాను లేనివారు ఇతరుల సామానుతో కలిపి పంపుకుంటారు. అది చవక. అయితే కంటైనర్ నిండేదాకా ఇక్కడ ఆగాలి, అందరి సామానూ విడదీసేదాకా అక్కడ ఆగాలి.

ఈ లెక్క మనం అనుకునేదానికి తలక్రిందులు. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఇనుప బీరువా 29 ఘనపు అడుగులు. అంటే ఒక్క బీరువాయే మీటరులో అయిదింట నాలుగు వంతులు తినేస్తుంది. ప్లాస్టిక్ కుర్చీ చిటికెన వ్రేలితో ఎత్తవచ్చు గాని, చోటు చూస్తే పుస్తకాల పెట్టె కంటె ఎక్కువ. పుస్తకాలు ఎత్తలేనంత బరువున్నా ఓడలో చవకగా పోతాయి. విమానంలో పంపితే అవే పుస్తకాలు బరువును బట్టి మోయలేని ఖర్చు అవుతాయి. విమానంలో తేలికైన పెద్ద వస్తువుకు మాత్రం పరిమాణాన్ని బట్టి బరువు లెక్కగట్టి వసూలు చేస్తారు.

బీరువా దగ్గర మా ఇంట చిన్న యుద్ధమే జరిగింది. అది పెండ్లికి మేము పెట్టినది. "అక్కడ కొత్తది కొన్నా ఇంత అవదు నాన్నా" అని అమ్మాయి కాగితం మీద లెక్క వేసి చూపించింది. మేము ఆ పూట అన్నం సరిగా తినలేదు. పెరటి టేకు చెట్టు కొట్టించి చేయించిన మంచం సంగతీ అంతే. చివరకు బీరువా ఆడపడుచు ఇంటికి, మంచం తిరిగి మా పల్లెకు వచ్చాయి. ఇప్పుడు ఆలోచిస్తే, మేము పంపాలనుకున్నది బీరువాను కాదు, మా పెట్టుపోతలను. అది అమ్మాయికి తెలుసు. అయినా నోరు తెరిచి అనలేదు.

కరెంటు సామాను గురించి ఒక మాట. ఆస్ట్రేలియాలోను, ఇంగ్లండులోను మనకు లాగే 230 వోల్టులు. మిక్సీ, గ్రైండరు ప్లగ్గు మార్చుకుంటే తిరుగుతాయి. అమెరికాలో 120 వోల్టులే గనుక మన గ్రైండరు అక్కడ సరిగా పని చేయదు. వెళ్ళేముందు ఫ్రిజ్జు, టి.వి. కొత్తవి కొని పంపటం మరీ తెలివితక్కువ. వాడుకున్న ఇంటి సామానుకు చాలా దేశాలు సుంకం వేయవు గాని, అది ఎంతకాలం మన దగ్గర ఉండి వాడినదో చూస్తాయి. ఆస్ట్రేలియా వారికి పన్నెండు నెలలు, ఇంగ్లండు వారికి ఆరు నెలలు. ఇంగ్లండు వెళ్ళేవారు ఈ మినహాయింపు కొరకు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. పాత రసీదులు దాచుకోండి. సామాను యజమాని కంటె ముందుగా రేవుకు చేరకుండా చూచుకోండి. మనిషి లేక పెట్టెలు విడిపించటం ఆలస్యమైతే అక్కడ అద్దె లెక్క పెరుగుతుంది.

ఆస్ట్రేలియా వారికి అన్నిటి కంటె ఎక్కువ భయం మట్టి, పురుగు, విత్తనం. ఆ దేశం చుట్టూ సముద్రమే గనుక మన చేలను పాడుచేసే ఎన్నో తెగుళ్ళు అక్కడ లేవు. రానివ్వకుండా 2015లో గట్టి చట్టమే చేసుకున్నారు. బూట్లకు అంటిన బురద, సైకిలు చక్రాల మట్టి, పార, కొబ్బరి చీపురు, వెదురు చేట, తాటాకు బుట్ట, బెరడు తీయని కొయ్య, అన్నీ అనుమానపు వస్తువులే. క్రిస్మసుకు పిల్లలు పేర్చే పశువుల పాక బొమ్మలోని గడ్డి కూడా! అల్లుడుగారు పిల్లల బూట్లను పాత పళ్ళబ్రష్షుతో రుద్దుతూ కూర్చుంటే మాకు నవ్వు వచ్చింది. కొయ్య పెట్టెలో సర్దితే ఆ కొయ్యను 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచినట్లు గోధుమ వెన్ను గుర్తుతో ముద్ర ఉండాలి. మన ఊరి వడ్రంగి చేసిన పెట్టెకు ఆ ముద్ర ఉండదు.

పెట్టె పెట్టెకూ ఒక అంకె వేసి, లోపల ఏమున్నదీ జాబితా వ్రాశారు. యాభై రెండు పెట్టెలు. ఆహార పదార్థాలు, విత్తనాలు, మొక్కల సంబంధమైనవి ఏమైనా ఉన్నవా అని అడిగే కాగితం ఒకటి ఉన్నది. అమ్మాయి జాబితా అంతా చదువుకొని, రెండు చేటలు, ఒక బుట్ట ఉన్నవని వ్రాసి, విత్తనాలు లేవని సంతకం చేసింది.

విత్తనాలు ఉన్నవి. ఇరవై ఏడవ నంబరు పెట్టెలో దుప్పట్ల మడతలో, పాత పంచె ముక్కలో మూట కట్టి, గోంగూర, బీర, చిక్కుడు, ఆనప గింజలు. మా ఇద్దరిలో ఎవరు పెట్టారో ఇక్కడ వ్రాయము. రెండవవారు చూచి ఊరకున్నారు గనుక తప్పు ఇద్దరిదీ. పెరడు ఉన్నదట, పాదు పెట్టుకుంటుందిలే, గుప్పెడు గింజలకు ఎవరికి నష్టం అనుకున్నాము. ఎరువుల సంచి తూకంలో షాపువాడు అరకిలో తగ్గిస్తే దొంగతనమని కేకలు వేసే మాకు, ఇది దొంగతనమని తోచలేదు.

సామాను చెన్నై రేవు నుండి బయలుదేరింది. సింగపూరులో వేరే ఓడకు మారింది. మొత్తం పదకొండు వారాలు పట్టింది.

ఆ వారాలలో మేము సాయంకాల ప్రార్థనలో అపొస్తలుల కార్యములు చదువుతున్నాము. ఇరవై ఏడవ అధ్యాయం చిన్నప్పటి నుండి ఎన్నిసార్లు చదివామో! పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కుకుంటే సరుకు సముద్రంలో పారవేశారు. మూడవ రోజున ఓడ సామగ్రిని తమ చేతులతోనే విసిరివేశారు. చివరకు గోధుమలు కూడా. ఓడ ముక్కలైంది, రెండు వందల డెబ్బది ఆరుగురు బ్రదికారు. ఆ సరుకు ఎవరిదో, వాళ్ళకు నష్టం ఎవరు కట్టారో అన్న ప్రశ్న మాకు మునుపు ఎన్నడూ రాలేదు. మా సామాను నీళ్ళ మీద ఉండగా వచ్చింది.

దీనికి చాలా పాత న్యాయం ఒకటి ఉన్నది. రోదు ద్వీపపువారి సముద్ర న్యాయమని రోమా ధర్మశాస్త్రం దానిని పేర్కొంటుంది. అందరి ఓడను కాపాడటానికి కొందరి సరుకు పారవేస్తే, సరుకు దక్కినవారందరూ ఆ నష్టాన్ని పంచుకోవాలి. ఈ న్యాయం ఈనాటికీ నడుస్తున్నది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే నాలుగు వందల మీటర్ల ఓడ సూయజు కాలువలో అడ్డంగా ఇరుక్కొని 29వ తేదీ దాకా కదలలేదు. అందులో సుమారు 18,300 కంటైనర్లు ఉన్నవి. దానిని విడిపించిన ఖర్చులో సరుకుల యజమానులందరికీ వాటా పడింది. ఓడను జూలై 7 వరకు ఐగుప్తువారు విడిచిపెట్టలేదు. భీమా ఉన్నవారి తరపున భీమా కంపెనీ హామీ ఇచ్చింది. లేనివారు తమ వాటాకు తామే సొమ్ము జమ కట్టుకోవలసి వచ్చింది. తమ పెట్టెకు గీత కూడా పడకపోయినా సరే! 2025 మే నెలలో కేరళ తీరానికి దగ్గరలోనే 640 కంటైనర్లతో ఒక ఓడ మునిగింది. ఇలాంటివి రోజూ జరగవు. జరిగిన రోజున మాత్రం ప్రార్థన చేసుకున్నాము గదా అంటే భీమా కంపెనీ ఊరుకోదు. భీమా చేయించండి. ప్రతి వస్తువుకూ నిజమైన విలువ వ్రాయండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. మనం స్వయంగా సర్దిన పెట్టెలో గాజు సామాను పగిలితే చాలా పాలసీలు చెల్లించవు. పింగాణీ, గాజు కంపెనీ మనుషుల చేతనే సర్దించటం మేలు.

సామాను చేరిన రోజున అమ్మాయి ఫోను చేసింది. గొంతులో సంతోషం లేదు. మొదటి సంగతి డబ్బు. ఇక్కడ మేము మాట్లాడుకున్న ధర "రేవు వరకు" అట. అక్కడ దించటానికి, విడదీయటానికి, తనిఖీకి, ఇంటికి చేర్చటానికి వేరే కట్టాలి. మూడు కంపెనీలను అడిగి అందరి కంటె తక్కువ చెప్పినవారికి ఇచ్చాము. ఎందుకు తక్కువో అడగలేదు. కాగితం మీద ఇంటి గుమ్మం దాకా అని ఉన్నదా, అక్కడి రేవు ఖర్చులు ఇందులోనివేనా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. చదువుకున్న పిల్లలు ఉన్నారు గదా, వారే చూచుకుంటారని మేము, పెద్దలు మాట్లాడారు గదా అని వారు!

రెండవది ఇరవై ఏడవ నంబరు పెట్టె.

తనిఖీకి వచ్చినవారు చేటలనూ బుట్టనూ చూచి, వ్రాసి ఇచ్చారు గనుక ఏమీ అనలేదు. ఒక చేటలో పురుగు తొలిచిన రంధ్రాలు ఉన్నాయని దానిని నాశనం చేస్తామన్నారు, అంతే. దుప్పట్ల పెట్టెలో గింజల మూట దొరికాక వారి ముఖాలు మారాయి. తక్కిన పెట్టెలన్నీ విప్పించారు. ఆ తనిఖీ గంటలకు కూడా రుసుము కట్టవలసి వచ్చింది. జరిమానా వేయకుండా హెచ్చరికతో విడిచిపెట్టారు, దేవునికి స్తోత్రం. అక్కడి చట్టం ప్రకారం చాలా పెద్ద జరిమానాయే వేయవచ్చు.

"నాకు తెలియదని చెప్పానమ్మా. కాని సంతకం నాదే కదా" అన్నది అమ్మాయి.

అల్లుడుగారు ఫోను తీసుకొని, "పోనీలెండి అత్తయ్యగారూ, ప్రేమకొద్దీ పెట్టారు. మీరు బాధపడకండి" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే మాకు తేలికగా ఉండేది. కొత్త దేశంలో కాలుపెట్టిన మూడవ నెలలో అధికారుల ముందు మా అమ్మాయిని అబద్ధికురాలిగా నిలబెట్టింది శత్రువులు కాదు, మేమే. ఉన్నదని ఒక్క ముక్క వ్రాసి ఉంటే గింజలు తీసి పారవేసేవారు, కథ అక్కడితో అయిపోయేది. వ్రాసినందుకు శిక్ష లేదు, దాచినందుకే.

ఇదంతా స్థితిమంతుల సంగతి, మా వాళ్ళు ఒక్క సూట్‌కేసుతో గల్ఫుకు వెళ్ళేవారు అని కొందరు అనుకోవచ్చు. వారికి ఇది మరీ ముఖ్యం. కోనసీమ నుండి, కడప జిల్లా నుండి కువైటుకు, దుబాయికి పనికి వెళ్ళే సహోదరీలకు ఊరివారు పొట్లాలు ఇస్తారు. "మా అబ్బాయికి ఇవ్వమ్మా, మసాలా పొడే." మన ఇండ్లలో కూరలో వేసే గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులోను, సౌదీ అరేబియాలోను నిషేధించిన మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. ఇక్కడ కిరాణా కొట్టులో దొరికే వస్తువు అక్కడ జైలుకు త్రోవ. నొప్పులకు, నిద్రకు వాడే కొన్ని మాత్రలకు కూడా ముందుగా అనుమతి ఉండాలి, డాక్టరు చీటీ దగ్గర ఉండాలి. పొట్లం విప్పి చూపించమంటే చుట్టాలు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. సంచిలో ఉన్నది ఎవరు పెట్టారని అక్కడ అడగరు, సంచి ఎవరిదని అడుగుతారు.

ఇక మేము ఆపివేసిన వస్తువు. అది మా నాన్నగారి బైబిలు. పెద్ద అక్షరాలది, రెండుసార్లు అట్ట మార్చినది. మొదటి పుటలలో ఆయన చేతితో మా అందరి పుట్టినరోజులు, బాప్తిస్మములు, వివాహములు, మరణములు వ్రాసి ఉన్నవి. సర్దేటప్పుడు అమ్మాయి దానిని ఒడిలో పెట్టుకొని "ఇది నేను తీసుకువెళ్తాను" అన్నది. "చాలా బరువమ్మా, తరువాత చూద్దాం" అన్నాము. బరువుకు డబ్బు లేదన్న సంగతి అప్పటికి మా తలకెక్కలేదు. నిజం చెప్పాలంటే, ఇంటి నుండి అది వెళ్ళటం మాకు ఇష్టం లేక బరువు సాకు చెప్పామేమో కూడా.

జూను నెలలో, అక్కడ చలికాలం, మళ్ళీ ఫోను వచ్చింది. పెద్దవాడిని అక్కడి సంఘంలో కన్ఫర్మేషను తరగతిలో చేర్చటానికి బాప్తిస్మపు తేదీ కావాలి. "తాతయ్య బైబిలులో ఉంటుంది, చూసి చెప్పు నాన్నా." చూచి చెప్పాము. తరువాత అమ్మాయి అక్కడున్న మిగతా పేర్లు కూడా చదవమన్నది. తాతయ్యది, నాయనమ్మది, ఏడాది నిండకుండా పోయిన మా పెద్దబాబుది. చదివాము. చాలాసేపు అటునుండి మాట లేదు.

పౌలు చెరసాలలో నుండి తిమోతికి వ్రాసినప్పుడు త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మని అడిగాడు. చర్మపు కాగితాలను మరీ మరీ తెమ్మన్నాడు (2 తిమోతి 4:13). అంత పెద్ద అపొస్తలుడు కూడా ఏమి వెంట తీసుకుపోవాలో ఒకసారి పొరబడ్డాడో, తొందరలో విడిచిపోయాడో. అడిగినది మాత్రం ఎంత కొంచెమో చూడండి.

ఆ డిసెంబరులో మా ఊరి అబ్బాయి ఒకడు మెల్‌బోర్న్ వెళ్తున్నాడని తెలిసి బైబిలు పట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాము. గుడ్డ కట్టలేదు, కాగితం చుట్టలేదు. "బాబూ, నీ చేతితో నువ్వే పుటలన్నీ తిప్పి, దులిపి చూచుకొని అప్పుడు సంచిలో పెట్టుకో" అన్నాము. అతడు నవ్వి, "మిమ్మల్నే అనుమానించాలా అండీ?" అన్నాడు. "అనుమానించు నాయనా" అన్నాము.

అతడు దులిపాడు. కీర్తనల దగ్గర నుండి ఎండిపోయిన కొబ్బరాకు సిలువ ఒకటి నేల మీద పడింది. మట్టల ఆదివారం నాడు గుడిలో చేసి ఇచ్చేది. నాన్నగారు ఏ సంవత్సరం పెట్టుకున్నారో తెలియదు, ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. దానిని మేము చేతి రుమాలులో పెట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాము. బైబిలు వెళ్ళింది.